మజ్జిగకు పోని శనివారం

నరసరావుపేటలో ఒక ఆడపిల్లల కాలేజీవాళ్ళు మొన్నామధ్య నన్ను మాట్లాడమని పిలిచారు. సోషియాలజీ పాఠం చెప్పడం మానేసి నాలుగేళ్ళయింది, అయినా మైకు కనబడితే నాలుక ఆగదు. నూరేళ్ళకు పైమాటే, సముద్రాల అవతల ఒకావిడ ఆడవాళ్ళ బతుకు గురించి ఆలోచించి చెప్పిన సంగతులు ఎత్తుకున్నాను. ముప్ఫై ఏళ్ళు చెప్పిన పాఠం, నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను. ఆడది తెల్లారి లేచింది మొదలు ఎంత చాకిరీ చేసినా, ఆమె తినే తిండీ, కట్టే బట్టా, నలుగురిలో ఆమెకుండే విలువా ఆ చాకిరీని బట్టి రావు, ఆమె ఎవడి పెళ్ళామో దాన్ని బట్టి వస్తాయి. తిండి కోసం ఒకడి చేతికేసి చూడాల్సినంత కాలం ప్రేమనీ మర్యాదనీ ఎన్ని పేర్లు పెట్టుకున్నా అది ఆ చేతి కింద బతుకే. ఇదీ ఆవిడ చెప్పినదాని సారం. పిల్లలు రాసుకుంటున్నారు. వెనక వరసలోంచి ఒక పిల్ల లేచి, "మేడమ్, ఇది మీరు మనవైపు ఆడోళ్ళకి ఎవురికన్నా చెప్పి చూశారా? చెప్తే ఏమయింది?" అని అడిగింది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వేసి, మార్పు మెల్లగా వస్తుందమ్మా అని ఏదో చప్పిడి మాట చెప్పి మంచినీళ్ళు తాగాను. శాలువా కప్పారు. బయటికొచ్చి గుంటూరు బస్సెక్కాల్సినదాన్ని మాచర్ల బస్సెక్కాను. సామ్రాజ్యం పిన్ని అక్కడే కూతురి దగ్గర ఉంటోంది. చెప్పి చూశాను, ఏమయిందో కూడా నా కళ్ళతో చూశాను. ఆ సంగతి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

సామ్రాజ్యం మా అమ్మకు చెల్లెలు. అక్కచెల్లెళ్ళిద్దర్నీ నాపరాయి క్వారీలో పనిచేసేవాళ్ళకే ఇచ్చారు, ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. మాచర్లకు ఈవల క్వారీ వారన ఇరవై గడపల వరస మాది. నిలబెట్టిన బండలే గోడలు, నేల బండ, గడప బండ, బట్టలుతికేది బండ మీద, స్నానం బండ మీద, పైన మాత్రం రేకు. బండకీ బండకీ మధ్య మట్టి మెత్తేవాళ్ళు. ఎండలకు ఆ మట్టి రాలిపోయి, ఆ సందుల్లోంచి పక్కింటి తాలింపు వాసనా వచ్చేది, పక్కింటి ఏడుపూ వచ్చేది. మధ్యాహ్నం పన్నెండింటికి క్వారీలో తూటాలు పేల్చేవాళ్ళు. మందు వాసన, రాతి దుమ్ము, దాని మీద అమ్మ వేయించే ఎండుమిరపకాయల ఘాటు, మూడూ కలిసి నా ముక్కులోనే ఉండిపోయాయి. తూటాలు అమర్చేది మా నాన్న. ఆయనకు ఒక చెవి వినబడేది కాదు, రెండోది తనకు కావలసినప్పుడే వినబడేది. ఒకసారి తూటా ఆలస్యంగా పేలి ముఠాలో ఒకతని దవడ ఎగిరిపోతే దాన్ని వెతికి గోనెపట్టాలో చుట్టి తెచ్చింది మా నాన్నే. ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు తిని పనికి పోయాడు. ఊళ్ళో రెండు పార్టీలవాళ్ళూ బాంబులు వేసుకున్నప్పుడల్లా, క్వారీ మందు ఎటు పోయిందో చెప్పమని పోలీసులొచ్చి మా మగవాళ్ళను వరసగా కూచోబెట్టి అరికాళ్ళు వాయగొట్టేవాళ్ళు. ఆ కాళ్ళతో కుంటుకుంటూ ఇంటికొచ్చిన మనిషి తన కసి ఎవరి మీద తీర్చుకునేవాడో వేరే చెప్పక్కర్లేదు.

పని జతల మీద నడిచేది. మొగుడు గునపం పెట్టి సమ్మెటతో కొట్టి బండ లేపుతాడు. పెళ్ళాం చెత్తరాయి తట్టకెత్తుకుని నెత్తిన మోసుకుంటూ ఒడ్డెక్కి పారబోస్తుంది. కూలీల పేర్లు రాసే మస్టరులో మాత్రం మొగుడి పేరొక్కటే ఉండేది. శనివారం బట్వాడా రోజున మేస్త్రి ఆ పేరే పిలిచేవాడు, రెండు ఒళ్ళ కష్టమూ ఒక్క చేతిలో పడేది. మొగుడు లేని ఆడదానికి అన్న పేరో మరిది పేరో వెతికి పెట్టేవాళ్ళు, అంతేగాని ఆడపేరు రాసేవాళ్ళు కాదు. పిన్ని తట్ట నింపితే దాన్ని ఆమె నెత్తికెత్తడానికి ఇద్దరు కావలసి వచ్చేది. పొడుగు మనిషి, మెడ గట్టిది, నవ్వితే క్వారీ అవతలికి వినబడేది. పొద్దు వాలాక ఇంటికొచ్చి అదే ఒంటితో నీళ్ళు మోసి, పొయ్యి రాజేసి, రోట్లో గోంగూర నూరేది. నూరేటప్పుడు నేను వాళ్ళ గడప మీద కూచుని పుస్తకం చదువుకునేదాన్ని. నూరడం అయ్యాక ఓ ముద్ద కలిపి, చదువు ఆపకుండానే నా నోట్లో పెట్టేది.

ఆమె మొగుడు కోటయ్య బాబాయి తాగేవాడు కాదు. తాగకుండానే కొట్టేవాడు, అదింకా భయం. కూర చల్లారిందని చెప్పుతో కొట్టేవాడు, ఎదురు మాట వస్తే బండలు కట్టే తాడుతో కొట్టేవాడు, ఏ కారణమూ దొరక్కపోతే జుట్టు పట్టుకుని తల గోడకు మోదేవాడు. బండ గోడకు తల తగిలిన చప్పుడు ఇంకే చప్పుడులానూ ఉండదు. మా నాన్న కొట్టేవాడు కాదని నేను బుకాయించను. కొట్టేవాడు, కొట్టాక పశ్చాత్తాపంతో రెండు రోజులు నాతో తెగ ముద్దుగా మాట్లాడేవాడు, ఆ ముద్దంటే నాకు అసహ్యం. వరసలో కొట్టనివాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు, వాళ్ళను చేతగానివాళ్ళనేవారు. అయితే మా ఆడవాళ్ళకొక పద్ధతి ఉండేది. దాన్ని ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నోరు తెరిచి ఎవరూ నేర్పలేదు. దెబ్బల చప్పుడు వినబడగానే పక్కింటామె చేతిలో పని వదిలేసి, ఓ చెంబు పట్టుకుని ఆ గడప దగ్గరికి పోయి నిలబడేది. "వదినా, కాసిని మజ్జిగుంటే పొయ్యవా, పిల్లలు అన్నం ముందర కూచున్నారు" అనేది. పరాయి ఆడమనిషి గడపలో నిలబడి ఉండగా పెళ్ళాన్ని కొట్టడం మా మగవాళ్ళకు నామోషీ. చెయ్యి దించి, కండువా దులిపి భుజాన వేసుకుని, చుట్ట ముట్టించడానికన్నట్టు బయటికి పోయేవాడు. దెబ్బలు తిన్నామె లేచి, ముక్కున కారే నెత్తురు కొంగుతో తుడుచుకుని, ఉంటే మజ్జిగ పోసేది, లేకపోతే లేవొదినా అనేది. చెంబామె ఆ మొహంలోకి చూడకూడదు, కొట్టినవాడు వరస దాటి పోయేదాకా కదలకూడదు, మర్నాడు ఆ సంగతి ఎత్తకూడదు. చెంబెందుకు వచ్చిందో మగవాళ్ళకు తెలియక కాదు. తెలిసే పోయేవాళ్ళు, ఓడిపోయామనిపించుకోకుండా ఆగడానికి వాళ్ళకూ అదే దారి. పిన్ని కోసం అమ్మ పోయేది, అమ్మ కోసం పిన్ని వచ్చేది. మా రెండిళ్ళ మధ్య ఎంత మజ్జిగ అటూ ఇటూ పోయిందో ఆ దేవుడికెరుక.

వరసలో కాలేజీ మొహం చూసిన మొదటి ఆడపిల్లను నేనే. నరసరావుపేటలో హాస్టల్లో ఉండి చదివేదాన్ని. అక్కడ ఒక లెక్చరర్ గారు, నలిగిన ఖద్దరు చీర కట్టుకుని, సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుకుంటూ, ఆ సముద్రాల అవతలి ఆవిడ ఆలోచనలను మాకు మొదటిసారి చెప్పారు. ఆ రోజు క్లాసులో నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. నాకు కనబడిందంతా పిన్ని మెడ, మస్టరులో కోటయ్య పేరు. అంత దూరాన పుట్టినామెకు మా క్వారీ సంగతి ఎలా తెలిసిందా అనుకున్నాను. పందొమ్మిదేళ్ళ పొగరు, దానికి తోడు కొత్తగా దొరికిన మాటలు. సెలవులకు ఇంటికొచ్చి, బావి దగ్గర ఆడవాళ్ళను కూచోబెట్టి ఉపన్యాసమే ఇచ్చాను. మజ్జిగ చెంబు సంగతి తీసి, సిగ్గు లేదా మీకు, దొంగల్లా పోయి ఆ మజ్జిగ నాటకమేంటి, తప్పు చేసేది వాళ్ళయితే దాక్కునేది మీరా, వాడి మొహాన అడగలేరా అన్నాను. ఎవరూ కోప్పడలేదు. అమ్మ మాత్రం, "నీకేం తెలుసే, నోరు కట్టుకో" అంది. పిన్ని బిందె తోముతూ అంతా విని, ఇంటికి పోయే దారిలో నన్నాపి అడిగింది.

"ఏమే శేషూ, నా పేరు మస్టర్లో ఏరేగా రాయమంటే రాస్తారంటావా?"

"ఎందుకు రాయరు పిన్నీ? మోసేది నువ్వేగా."

"రాస్తే ఏమయిద్ది?"

"నీ కూలి నీ చేతికొచ్చిద్ది. నీ చేతిలో నీ కూలుంటే బాబాయి నీ మీద చెయ్యెత్తేముందు ఆలోచిస్తాడు."

ఆ మాట నేను పుస్తకంలో చదివి చెప్పలేదు. ఆ ఆలోచనలకు నా అంతట నేను తగిలించిన తోక అది. ఆ లెక్చరర్ గారు కూడా అంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. పిన్ని నమ్మింది. సోమవారం పొద్దున పనిలోకి దిగేముందు మేస్త్రి దగ్గరికి పోయి అడిగింది. మేస్త్రికి ఆ వారమే కోటయ్య బాబాయితో బండల కొలత దగ్గర మాటా మాటా వచ్చింది. ఆ కసి మనసులో ఉంది కాబట్టి, "రాయకేం సామ్రాజ్యం, ఇప్పుడే రాస్తన్నా చూడు" అని నవ్వుతూ రాశాడు. న్యాయం అనుకుని రాయలేదు. అది నాకు అప్పుడు తెలియదు. విని నేను గంతులేశాను, అమ్మ తల పట్టుకుంది.

శనివారం సాయంత్రం, ఇంకా ఎండ ఉంది. బట్వాడాలో కోటయ్య పేరు పిలిచాక మేస్త్రి గొంతు పెంచి, సాగదీసి, "సామ్రాజ్యం" అని పిలిచాడు. పిన్ని ముందుకెళ్ళి కుడిచెయ్యి చాపి తీసుకుంది. ముఠాలో ఎవడో, "ఇకనించి కోటయ్యా అని పిలవగాకండిరా, సామ్రాజ్యం మొగుడా అనండి" అన్నాడు. క్వారీ అంతా ఘొల్లుమంది. నేను ఒడ్డున నిలబడి చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు బాబాయి విన్నాడు, నా వైపు చూశాడు కూడా. ఇంటికి నడిచాడు, ఆయన వెనక పిన్ని నడిచింది.

మేము ఇంట్లోకి అడుగుపెట్టేసరికే మొదలైంది. ముందు తాడు దెబ్బలు, తర్వాత తల గోడకు. అమ్మ చెంబు అందుకుంది. నేను అమ్మ చెయ్యి పట్టుకుని చెంబు లాగేసుకున్నాను. ఇవ్వాళ మజ్జిగ వద్దమ్మా, ఇవ్వాళ అడగాల్సిందే, నేనడుగుతాను అన్నాను. వట్టి చేతులతో పోయి వాళ్ళ గడపలో నిలబడ్డాను. పిన్ని నేల మీద బోర్లా పడి ఉంది, జుట్టు బాబాయి గుప్పెట్లో ఉంది. "బాబాయ్, వదులు ఆమెను. ఆమె కష్టం ఆమె తీసుకుంది. కొట్టడానికి నీకేం హక్కుంది?" అని అరిచాను. నా గొంతు విని వరసంతా బయటికొచ్చింది, ఆడవాళ్ళూ మగవాళ్ళూ. నేను ఊరుకోలేదు, ఇంకా అన్నాను. ఆమె కూడు నువ్వు తింటున్నావు, నీ కూడు ఆమె తినడం లేదు అన్నాను. అందరి ముందూ అన్నాను. బాబాయి మొహం చూస్తూనే ఉన్నాను. ఆయన ఆగడానికి నేను ఏ దారీ ఉంచలేదు, ఆగితే నాకూ ఊరికీ ఓడిపోయినట్టే. ఆ సంగతి ఆ గడపలో నిలబడి ఉండగానే నాకు అర్థమైంది, కానీ మాట నోరు దాటింది.

ఆయన జుట్టు వదిలేశాడు. మూలనున్న పనిసుత్తి తీశాడు. "ఏ చేత్తో తీసుకున్నావే?" అని అడిగాడు, మామూలు గొంతుతోనే. పిన్ని చెయ్యి గడప బండ మీదికి, సరిగ్గా నా కాళ్ళ ముందరికి లాగి, మణికట్టు మోకాలి కింద తొక్కిపట్టి కొట్టాడు. మూడు దెబ్బలు. మొదటి దెబ్బకు పిన్ని అరిచింది, రెండో దెబ్బకు గొంతు రాలేదు. మూడో దెబ్బకు పగిలిన గాజు ముక్క వచ్చి నా పాదంలో దిగింది. చూపుడువేలు, పక్కన రెండు వేళ్ళు, ఎముకా చర్మమూ కలిసిపోయాయి. నేను అంగుళం కదలలేదు. అన్ని మాటలు వచ్చిన దాన్ని, వంగి ఆ సుత్తి పట్టుకోలేకపోయాను. పట్టుకుంది మా అమ్మ. నన్ను పక్కకు తోసి, బాబాయి మీద పడి, చేతికందిన చెంబుతో నుదురు పగలగొట్టింది. ఆయన నెత్తురు తుడుచుకుంటూ బయటికి పోయాడు, పోతూ నన్ను తప్పుకుని పోయాడు.

రాళ్ళు తోలే ట్రాక్టరులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పిన్ని తల నా ఒళ్ళో, చెయ్యి అమ్మ చీర కొంగులో. డాక్టరు మూడు వేళ్ళూ తీసేశాడు. మర్నాడు పొద్దున పోలీసులొస్తారని ఆ రాత్రే తెలిసి అమ్మ, పిన్నికి చెప్పాల్సింది చెప్పి, నన్ను వరండాలోకి లాగింది. "రాయి పడిందని చెప్పు. ఆడు జైలుకి పోతే ముగ్గురు పిల్లల్ని ఎవురు సాకాల? ఈ చేత్తో అది తట్టెత్తుద్దా? నువ్వు సాక్షి అని రాశారంటే మీ నాన్న నీ చదువు మానిపించి కూచోబెడతాడు, అది కూడా ఆలోచించుకో" అంది. తెల్లారాక హెడ్‌కానిస్టేబులు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. వయసులో పెద్దాయన, చెడ్డవాడిలా లేడు. చదువుకున్న పిల్లనని ఎవరో చెప్పినట్టున్నారు, కాగితం తీసి నా వైపు తిరిగి, "నువ్వు అక్కడే ఉన్నావంటగా అమ్మాయ్, ఏం జరిగింది?" అన్నాడు. రాయి పడిందండీ అన్నాను. ఆయన నా పాదానికున్న కట్టు చూశాడు, నా మొహం చూశాడు, రాసుకున్నాడు. తర్వాత పిన్నిని అడిగాడు. పిన్ని కాసేపు పైకప్పు చూసి, రాయి పడిందనే చెప్పింది.

సోమవారం నేను కాలేజీకి వెళ్ళిపోయాను. పిన్ని పేరు మస్టరులోంచి ఆ వారమే తీసేశారు. ఆమె మాత్రం రెండు నెలలకే మళ్ళీ పనిలోకి దిగింది, ఎడమ చేత్తో తట్ట నింపుకుంటూ. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు కోటయ్య బాబాయితోనే కాపురం చేసింది. ఎడమ చేత్తో అన్నం వడ్డిస్తున్నావా నాకు అని కంచం ఎత్తి ఆమె మొహాన కొట్టేవాడట, కుడిచెయ్యి విరగ్గొట్టింది తనే అయినా. నేను ఎమ్మే చేశాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప ఆ వరసకు పోలేదు. అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ శనివారం మాట ఎత్తలేదు. ఎత్తకూడదన్నది ఆమె పద్ధతి. నేను మాత్రం ఎత్తాను, క్లాసులో, పేరు మార్చి. ఒక క్వారీలో ఒకామె ఉండేది, మొగుడు వేళ్ళు విరగ్గొడితే పోలీసుల ముందు రాయి పడిందని దాచింది, తిండి పెట్టే చేతిని పట్టివ్వలేకపోయింది, పరాధీనత అంటే ఇదీ అని ఏటా చెప్పాను. పిల్లల కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. నాకు మంచి లెక్చరరని పేరొచ్చింది.

మాచర్లలో బస్సు దిగి దారి అడుగుతూ పోతే పిన్ని వరండాలో కూచుని చింతచిగురు ఏరుతోంది. కూతురిది సిమెంటు ఇల్లు, అల్లుడు లారీ మీద పోతాడు, కూతురి పేరు మీద బ్యాంకు పుస్తకముంది, ఉపాధి పని కార్డులో కూడా ఆమె పేరు విడిగానే ఉంది. అవన్నీ పిన్నే నాకు చూపించింది, మురిసిపోతూ. పక్కిల్లు చూపించి, "ఆడ కొత్తగా వచ్చినోడు పెళ్ళాన్ని కొడతాడంట. టీవీ సౌండు పెంచి మరీ కొడతాడంట. గోడలు గట్టిపడ్డయ్యే, మాకు ఏమీ ఇనపడదు. ఆ పిల్ల బడి కాడ మొహం మీద మచ్చలు చూపించిందాకా తెలవదు" అంది. ఆ పిల్లకు పిన్ని కూతురే ఫోను నంబరు రాసిచ్చిందట, పోలీసులకు చేసేది. ఆ పిల్ల ఇంకా చెయ్యలేదు. మా కాలానికీ ఈ కాలానికీ ఏది మెరుగో తేల్చాలని చూశాను, తేలలేదు. ఇప్పుడు పేరుంది, పుస్తకముంది, చట్టముంది, గడపలో వచ్చి నిలబడే మనిషి లేదు. అప్పుడు ఆ మనిషి తప్ప ఇంకేమీ లేదు, ఆ మనిషిని పోనివ్వకుండా ఆపింది నేను.

కాలేజీలో పిల్ల అడిగిన ప్రశ్న పిన్నికి చెప్పాను. "నువ్వేం చెప్పావే?" అంది. మార్పు మెల్లగా వస్తుందని చెప్పానన్నాను. ఇక దాచుకోలేక, ఇన్నేళ్ళూ క్లాసులో ఆమె కథ చెప్పుకున్న సంగతి కూడా చెప్పేశాను, మొగుణ్ణి కాపాడ్డానికి రాయి పడిందని దాచిన ఆడదాని కథగా. ఆమె చిగురు ఏరడం ఆపింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండు అని కూడా అనుకున్నాను.

"నేను దాచానా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"రాత్తిరంతా నొప్పికి నిద్ర లేదు. పడుకుని ఒకటే అనుకున్నా. మా అక్క పిల్లల గురించి భయపడతంది, దాని మాట ఇనకూడదు, పొద్దున పోలీసాయన వస్తే చెప్పేద్దాం, ఆణ్ణి తీసకపోనీ, ఏదో ఒకటి చేసి బతుకుదాం అనుకున్నా. అయితే పోలీసోళ్ళతో ఎట్టా మాట్టాడాలో నాకు తెలవదుగా. శేషు చదువుకుంది, అది ముందు చెప్పిద్ది, దాని ఎనక నేను చెప్దాం అనుకున్నా. ఆయన నిన్నే ముందడిగాడు. నీ మొహం వంకే చూస్తా పడుకున్నా." పిన్ని మిగిలిన రెండు వేళ్ళతో ఒడిలో చిగురు పక్కకు జరిపింది. "నువ్వు రాయన్నావు. ఇక నేనేం చేసేదే? నేనూ రాయే అన్నా."